అకామా పోయిన మనిషి

మరాఠీ నేల మీది తెలుగు నేతగాళ్ల వాడ దాజీ పేట్‌లో కోడి కూసినా వినేవాడు లేడు. పవర్‌లూమ్‌ల మోతతోనే తెల్లవారుతుంది. ఆ మోతలో యశోద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. సౌదీ నుంచి సెలవు మీద వచ్చిన మొగుడు గంగాధర్ మాత్రం కూర్చోడు, నిలబడడు. మనిషి సెలవు మీద వచ్చాడో, నవ్వే సెలవు పెట్టిందో ఆమెకు అంతుబట్టడం లేదు.

ఉన్నట్టుండి కరెంటు పోయింది. పేటంతా మగ్గాలు ఆగిపోయాయి. అలాంటప్పుడు మగవాళ్లంతా అరుగుల మీద చేరి కబుర్లాడతారు. మామ సిద్ధరాములూ మగ్గం వదిలి బయటికి నడిచాడు. గంగాధర్ నిచ్చెన లాక్కుని అటకెక్కాడు.

"అందరు అరుగెక్కితె నువ్వేందయ్యా అటకెక్కినవ్?"

"ష్! పోలీసులు!"

యశోద నవ్వు ఆరిపోయింది. "ఏ పోలీసులు? నిజం చెప్పు."

"కుట్టు కంపెనీ బంద్ అయింది. అకామా, అంటే ఆడుండే కార్డు, రద్దయింది. అకామా పోతె మకామే లేదు. చాటుగ ఇంకో కార్ఖానల కుట్టిన. పోలీసులొస్తే మిషన్లన్నీ ఒక్కపారే ఆగుతుండె. సప్పుడు ఆగిందంటే దాక్కోవాలె."

"పట్టుకున్నరా?"

"వాళ్లదొక తీరా? ఒకనాడు నా ముంగటనే చాయ్ తాగి పోయిండ్రు. ఇంకోనాడు కార్డున్నోన్నే గుంజుకపోయిండ్రు. ఆఖరికి నన్ను బండెక్కించిండ్రు. సెలవు కాదే, వెళ్లగొట్టిండ్రు."

"మా బీడీ చెకర్ గిట్లనే. ఒకనాడు పాస్ చేసినయే ఇంకోనాడు పారేస్తడు. కానీ పారేసేది బీడీలను, మనుషులను కాదు. మరి రేపు బొంబాయి పోతనంటివి, ఎందుకు?"

"నా పేరు మీద మళ్లా రానియ్యరు. ఏజెంటు శ్రీనివాస్ వేరే పేరు మీద పాస్‌పోర్టు చేయిస్తడట. మళ్లా పోత."

గుమ్మంలో సిద్ధరాములు. కొడుకును కబుర్లకు పిలవడానికి వచ్చి అంతా విన్నాడు.

"కాయ్ రే, ఏందిరా, వేరే పేరా? మరి నేనెవని నాయననురా?"

గంగాధర్ మెల్లగా దిగివచ్చాడు. "ఉత్త చేతులతోని వచ్చిన అంటె నీకు నామోషి అయితదని చెప్పలే బాపు."

"ఉత్త చేతులైతే ఏందిరా? చేతులైతే ఉన్నయి గద!"

బయట స్కూటర్ ఆగింది. "గంగాధర్ ఉన్నడా?" శ్రీనివాస్ గొంతు.

గంగాధర్ చూపు నిచ్చెన మీదికి పోయింది. లేడని చెప్పడానికి యశోద నోరు తెరిచింది. ఆమెను దాటి అతనే వాకిట్లోకి నడిచాడు.

"నేనే గంగాధర్‌ను. సిద్ధరాములు కొడుకును. నేను వస్తలేను భాయ్, పాస్‌పోర్టుకిచ్చిన నా ఫోటోలు వాపసియ్యి."

యశోద తంబాకు చేత్తోనే కళ్లు తుడుచుకుంది. మంటకో మరి దేనికో, నీళ్లు ధారగా కారాయి. గంగాధర్ లోపలికొచ్చి, చెంబు ముంచి ఆమె చేతుల మీద నీళ్లు పోశాడు.