సబాతీనో గీసిన గోడ

ముందు టార్చ్ వెలుతురు ఆగుతుంది.

మేనా కూడా ఆగిపోతుంది. మోకాళ్ల మీద, మోచేతుల మీద. ఊపిరి బిగబట్టి...

పైన వెసూవియస్ అగ్నిపర్వతం మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. భోజనాలయ్యాక ఊరంతా తలుపులు మూసి కునుకు తీసే వేళ. ఇక్కడ మాత్రం కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

దొంగల సొరంగం!

ముందు పాకుతున్నవాడు ముక్కూమొహం తెలియని దొంగేమీ కాదు. ఆమె సొంత బాబాయ్. అనియెల్లో. పైనున్న కార్నేషన్ పూల గ్రీన్‌హౌస్ ఆయనదే. పూలకుండీలు పక్కకి జరిపి, చెక్కపలక ఎత్తి, ఆయన నిచ్చెన దిగడం ఆమె కళ్లారా చూసింది. వెనకాలే దిగింది. చేతిలో ఆయన గునపమే!

మోకాలి కింద రాయి జారుతుంది. టక్!

"ఎవడ్రా అది?"

టార్చ్ గిర్రున తిరుగుతుంది. వెలుగు సూటిగా ఆమె కళ్లలోకి!

"మేనా! నువ్వా? పో... పైకి పో! ఇది కూలుతుంది!"

"సబాతీనో మీద కూలినట్టా బాబాయ్?"

అనియెల్లో టార్చ్ పక్కకి తిప్పేస్తాడు. గబుక్కున తిరిగి పాకడం మొదలుపెడతాడు. ఎలకలా!

"ఆగు! ఆగరా ముసలోడా!"

పుట్టి బుద్ధెరిగాక బాబాయ్‌ని 'రా' అనడం ఇదే మొదటిసారి. సిగ్గేయదు. ఇంకా నాలుగు అనాలనిపిస్తుంది.

పాకుతుంది. మోచేతులు చీరుకుపోతున్నాయి. గోడల్లోంచి నురగరాళ్లు రాలుతున్నాయి. రెండువేల ఏళ్ల కిందట ఈ కొండ కక్కిన రాళ్లు. మరమరాలంత తేలిక. తట్టితే చాలు, జలజలా జారిపోతాయి.

ఇలాంటి రాయే తమ్ముడి చెవిలో దొరికింది ఆమెకి.

పోయిన వసంతంలో సబాతీనో శవం హైవే పక్కన దొరికింది. ఏదో లారీ గుద్దేసి పోయిందన్నారు. కేసు మూసేశారు. వాడి ఒళ్లు తుడిచి, మంచి బట్టలు తొడిగింది మేనాయే. తడిగుడ్డతో చెవి తుడుస్తుంటే గుడ్డకి అంటుకుంది... తెల్లటి నురగరాయి!

రోమన్ల కాలం నాటి గోడచిత్రాలు బాగుచేయడం ఆమె పని. ఆ రాయి ఎంత లోతులో ఉంటుందో ఆమెకి తెలుసు. హైవే మీద మాత్రం ఉండదు!

ఆ మాటే స్టేషన్ అధికారి మార్షల్ పెత్రిల్లోకి చెప్పింది.

"ఒక్క రాయితో ఏం చేస్తాం తల్లీ? ఎక్కడ తవ్వారో నీకు తెలిసిన రోజు చెప్పు. మిగతాది నేను చూసుకుంటా," అన్నాడాయన.

మంచి మనిషి. తమ్ముడి శవపేటికకి ముందు నిలబడి భుజం పట్టింది ఆయనే. ఆదివారం ఆదివారం అమ్మకి మిఠాయి పొట్లం తెచ్చిచ్చేదీ ఆయనే.

ఇందాక నిచ్చెన దిగేముందు ఆయనకే ఫోన్ చేసింది. "దొరికింది! మా బాబాయ్ గ్రీన్‌హౌస్. త్వరగా రండి!"

ఈపాటికి బయల్దేరి ఉంటాడు.

సొరంగం ఒక్కసారిగా వెడల్పవుతుంది.

గది!

ఎర్రటి గోడలు. ఇప్పుడే వేసినంత ఎరుపు. దానిమ్మ చెట్టు. కొమ్మ మీద గువ్వ. చెట్టు కింద పళ్లెం పట్టుకుని ఒక ఇల్లాలు. ఆమె మెడ పైన...

ఏమీ లేదు. నలుచదరంగా గుంట!

రంపంతో కోసుకుపోయారు. మొహం వరకే. మిగతాది పగిలినా పర్లేదన్నట్టు.

రాలిపోయే ఒక్క రంగు పెచ్చుని నిలబెట్టడానికి మేనా సూదితో జిగురు పట్టిస్తూ వారాల తరబడి కూర్చుంటుంది. వీళ్లు కేకు కోసినట్టు కోసుకుపోయారు!

మూలన అనియెల్లో. ఇంక పారిపోవడానికి దారి లేదు.

గునపం ఎత్తుతుంది.

"చెప్పు! వాణ్ని ఇక్కడ వదిలేసింది నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు?"

"కొట్టు తల్లీ. కొట్టెయ్. పీడా పోతుంది."

"నోర్ముయ్! చచ్చి తప్పించుకుందామనా? ముందు చెప్పు!"

అనియెల్లో ఎదురుగోడ చూపిస్తాడు.

"నాకు చెప్పే మొహం లేదు. వాడే రాశాడు. చదువుకో."

ఆ గోడ అడుగున మైనం ముద్దలు. కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తులు... కుప్పలు కుప్పలు! అంటే ఈయన వస్తున్నది దొంగతనానికి కాదు.

మేనా ఆయన టార్చ్ లాక్కుని గోడకి ఆనించి పక్కవాటుగా పట్టుకుంటుంది. గీతలు అలాగే కనపడతాయి. మొదట లాటిన్ అక్షరాలు. ఏ బానిసో మేకుతో గీకాడు. 'ఫెలిక్స్ ఇక్కడ ఉన్నాడు.' అక్షరాల సందుల్లో గట్టిపడ్డ పాత మట్టి.

దాని కింద ఇంకో రాత.

ఈ గీతల్లో మట్టి లేదు. సున్నం తెల్లగా మెరుస్తోంది. కొత్తవి!

'సబాతీనో ఇక్కడ ఉన్నాడు. బతికే ఉన్నాడు.

దారి కూలిపోయింది. బాబాయ్ తవ్వుతున్నాడు. పార చప్పుడు వినపడుతోంది.

పెత్రిల్లో అరుస్తున్నాడు. బొమ్మ చేతికొచ్చింది, గుంత పూడ్చెయ్ అంటున్నాడు.

చప్పుడు ఆగిపోయింది.

అక్కా'

అంతే! చివరి గీత కిందికి జారిపోయింది.

మేనా దాని మీద వేలు పెట్టబోయి ఆగిపోతుంది. ముట్టుకుంటే రాలుతుందేమో...

"పెత్రిల్లోనా? మన మార్షల్ పెత్రిల్లోనా?"

"వాడే! పైనుంచి గన్ నా తలకి గురిపెట్టాడు. పార వదిలేశా. మర్నాడు ఒక్కణ్నే వచ్చి తవ్వా. అప్పటికే... చల్లబడిపోయాడు. రోడ్డు పక్కన పడేయమందీ వాడే. వాడు ఎన్నడూ కిందికి దిగలేదు. భయం వెధవకి! ఈ రాత సంగతి వాడికి తెలీదు."

"నీకు తెలుసు కదా! తెలిసీ అమ్మ చేతి పాస్తా తిన్నావ్! వాడు తెచ్చిన మిఠాయి మేం తింటుంటే పక్కన కూర్చుని చూశావ్!"

"చూశా."

"థూ!"

"పిరికివాణ్ని మేనా. చెరిపేద్దామని కూడా వచ్చా ఒకరోజు. చెయ్యి రాలేదు." ఆయన ఉన్నట్టుండి తలెత్తుతాడు. "నువ్విక్కడికి వచ్చినట్టు ఇంకెవరికైనా తెలుసా?"

మేనా సొరంగం వైపు తిరుగుతుంది.

"ఒకరికి చెప్పా."

"ఎవరికి?"

జవాబు పైనుంచి వస్తుంది.

"మేనా తల్లీ! కింద ఉన్నావా?"

తియ్యటి గొంతు. అమ్మని 'ఎలా ఉన్నారమ్మా' అని పలకరించే గొంతు!

అనియెల్లో తల అడ్డంగా ఊపుతాడు. పలక్కు!

మేనా పలుకుతుంది. సొరంగంలోకి మొహం పెట్టి, లేని ఏడుపు గొంతులోకి తెచ్చుకుని.

"మార్షల్ గారూ! ఇక్కడేం లేదండీ! ఖాళీ సొరంగం! వచ్చేస్తున్నా!"

"అనియెల్లో ఏమైనా వాగాడా?"

"బాబాయ్ లేడిక్కడ!"

పైనుంచి నవ్వు.

"వాడి టోపీ ఇక్కడే ఉందమ్మా! మీ ఇంట్లో ఎవరికీ అబద్ధం చేతకాదే! మీ తమ్ముడూ అంతే. వాటా వద్దట! బొమ్మ మ్యూజియంకి ఇచ్చేస్తాడట! పిచ్చి సన్నాసి..."

మేనా గునపం పిడికిట బిగిస్తుంది.

అప్పటికే అనియెల్లో ఆమెని తోసుకుని పాకుతున్నాడు. బయటికి!

"బాబాయ్! వెళ్లకు! చంపేస్తాడు!"

"ఆ రోజు ఆగిపోయా కదే. ఇవాళ ఆపకు!"

ఆమె వెంటపడుతుంది. ముసలి ఒంట్లో ఇంత వేగం ఎక్కడిది? గుంత అడుగున వెలుగు. ఆయన నిచ్చెన పట్టుకుంటాడు. ఒక మెట్టు... ఇంకో మెట్టు...

"పెత్రిల్లో! నీ యబ్బ! మా పిల్లాణ్ని..."

ఢాం!

అనియెల్లో వెల్లకిలా వచ్చి ఆమె మీద పడతాడు. భుజం నిండా రక్తం.

"పోలీసు మీద దొంగ దాడి చేశాడు," పెత్రిల్లో తాపీగా అంటున్నాడు. అప్పుడే రిపోర్టు చదువుతున్నట్టు. "ఆత్మరక్షణకి కాల్చాల్సొచ్చింది. పాపం, వాడి అన్న కూతురు కూడా అడ్డం వచ్చింది..."

గుంత అంచున బూట్లు. వంగిన నీడ. గన్ గొట్టం చీకట్లో వెతుకుతోంది.

మేనా బాబాయ్‌ని చంకల కింద పట్టుకుని సొరంగంలోకి ఈడుస్తుంది. కళ్లు గుంత గోడల మీద పడతాయి. చెక్కపలకలు. వాటిని ఆపుతూ ఒకే ఒక అడ్డదుంగ. పలకల వెనక... నురగరాళ్లు. లారీలకొద్దీ!

దుంగ ఊడితే వాడి కాళ్ల కింద నేల ఉండదు. సొరంగమూ కూలొచ్చు. ఆ గదీ కూలొచ్చు. ఆ గోడ!

బూట్లు నిచ్చెన మొదటి మెట్టు మీదకి దిగుతున్నాయి.

గునపం దుంగ సందులోకి పోతుంది.

"రారా! దిగు! ఇప్పుడు దిగరా!"

ఒళ్లంతా బరువేసి లాగుతుంది.

ఫట్!

పలకలు ఊడతాయి. గోడ మొత్తం ధాన్యంలా కారిపోతుంది. అంచు విరుగుతుంది. పూలకుండీలు, నిచ్చెన, బూట్లు, కేక... అన్నీ కలిసి కిందికి!

తెల్లటి దుమ్ము. ఎవరో దగ్గుతున్నారు.

ఆమె కళ్లు నులుముకుంటుంది. సొరంగం నోటి దగ్గర మనిషి దూరేంత సందు మిగిలింది. వెనక బాబాయ్ మూలుగు... బతికే ఉన్నాడు. రాళ్ల మీదుగా బయటికి పాకుతుంది.

గుంత మధ్యలో పెత్రిల్లో. ఛాతీ దాకా రాళ్లలో. చేతులు రెండూ లోపలే. గన్ రాళ్ల మీద పడి ఉంది.

తీసుకుంటుంది.

"మేనా... తల్లీ... ఊపిరాడట్లేదు. కాస్త తవ్వమ్మా. నీకేం కావాలన్నా..."

"ఎంతసేపు పిలిచాడు?"

"ఎవరు?"

గన్ వాడి నుదుటికి గుచ్చుకుంటుంది.

"మా తమ్ముడు! పైన నిలబడి విన్నావు కదరా! ఎంతసేపు పిలిచాడు?"

"చాలా... చాలాసేపు."

"ఎవర్ని?"

పెత్రిల్లో చూపు తిప్పుకుంటాడు.

"నన్నే. మార్షల్ గారూ... మార్షల్ గారూ... అని."

మేనా వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తుంది.

"వద్దు! నువ్వు అలాంటి దానివి కాదు తల్లీ! నాకు తెలుసు!"

"ఏం తెలుసురా నీకు?"

ఢాం!

గ్రీన్‌హౌస్ పైకప్పు అద్దాలు భళ్లున రాలుతాయి. ఆకాశం వైపు తిరిగిన గొట్టంలోంచి పొగ. పెత్రిల్లో కళ్లు గట్టిగా మూసుకుని వెక్కిళ్లు పెడుతున్నాడు.

ఊరు ఉలిక్కిపడి లేస్తుంది. తలుపులు... కుక్కలు... పరుగెత్తే కాళ్లు. పక్క తోటల వాళ్లు బనియన్ల మీదే వచ్చి గుంత చుట్టూ మూగుతున్నారు.

"మేనా! ఏంటిది? ఎవరు కాల్చారు?"

"లోపల బాబాయ్ ఉన్నాడు! రక్తం పోతోంది! ముందు ఆయన్ని తీయండి!"

"మరి మార్షల్ గారు?"

ఆమె గన్ మళ్లీ వాడి మొహం మీదకి తిప్పుతుంది. గొంతు చిరిగిపోయేలా అరుస్తుంది.

"తవ్వండి వీణ్ని! పారలు తెండి! చేతులతో గోకండి! ఏమైనా చేయండి... వీడు మాత్రం చావకూడదు!"