రోతపట్టీ

శమీవాటిక గేటు దగ్గర నలుగురి మణికట్లకూ పట్టీలు కడుతుంటే లస్మవ్వ తన చేతులు కొంగులో దాచుకుంది.

"నాకెందుకు బిడ్డా? ముసలిదాని రోత ఎవనికి గావాలె?" అంది కూతురితో.

"ఇంట్లో ఉండే ప్రతి ఒక్కరికీ కట్టాలండి. నొప్పేమీ ఉండదు," అని ప్రణవి నవ్వింది. ఇల్లు వెతుక్కుంటూ వచ్చే కుటుంబాలకు శమీవాటిక అనే ఆ వాడను తిప్పి చూపించడం ఆమె ఉద్యోగం. ఆ నవ్వు పొద్దున్నే ముఖానికి అంటించుకుని వచ్చినట్టుంది, ఎవరితో మాట్లాడినా అదే కొలత. సరూప తల్లి చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. పట్టీ ఆ ముడతల మణికట్టుకు జలగలా అతుక్కుంది.

కాగితాల మీద దాని పేరు సౌమ్యపట్టీ. జనం నోట్లో రోతపట్టీ. ఎదుటి మనిషిని చూసినా, వాసన తగిలినా మనకు తెలియకుండానే కడుపులో నరాలు ముడుచుకుంటాయి, పైపెదవి కాస్త లేస్తుంది. మనసు కన్నా ముందే ఒంటికి పుట్టే ఆ ఏవగింపును పట్టీ సున్నా నుంచి నూరు దాకా అంకె వేసి చూపిస్తుంది. యాభై దాటితే మోగుతుంది. హైదరాబాదులో ఇల్లిచ్చేటప్పుడు కులమేదని, ఏం తింటారని అడగకూడదని చట్టం వచ్చి ముప్పై ఏళ్లయింది. అడగడం నేరం గానీ కడుపులో తిప్పడం నేరం కాదు కదా! అందుకే ఇప్పుడు ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. వచ్చిన కుటుంబం ఒక పూట వాడలో తిరిగి, అక్కడివాళ్లతో కలిసి భోంచేస్తుంది. వాడవాళ్ల పట్టీల సగటు పన్నెండు దాటకపోతే ఇల్లు దొరికినట్టు. దాటితే చేతులు జోడించి సాగనంపుతారు. ఎంత మర్యాదో చెప్పలేం.

అలా ఏ వాడకూ సరిపడనివాళ్లు ఉండే పేటలకు మిగులువాడలని పేరు పడింది. మంచి బళ్లు, డాక్టర్లు ఒక్కొక్కటిగా అక్కడినుంచి లేచిపోయాయి. సరూప వాళ్లు ఉండేది అలాంటి చోటే. కూతురు జాబిలికి తొమ్మిదేళ్లు, ఉబ్బసం. పోయిన ఏడు రెండుసార్లు పిల్ల పెదవులు నీలంగా మారాయి, రెండుసార్లూ డాక్టరును చేరడానికి గంటన్నర పట్టింది. శమీవాటికలో వీధికో డాక్టరున్నాడు. సరూపకు ఆ వాడలో కావలసింది అదొక్కటే, మిగతా పూలకుండీలు ఎవరైనా పట్టుకుపోవచ్చు.

అందుకోసం నలభై రోజులు ఇల్లంతా తపస్సు చేసింది. ఎండుచేపలు మానేశారు. లస్మవ్వ తన తంబాకు డబ్బీని తానే చెత్తబుట్టలో వేసింది. అన్నిటికన్నా కష్టమైంది బోటి మానడం. ఆదివారం వస్తే మేకపేగులు తెచ్చి, సున్నం రాసి, వేడినీళ్లతో ఏడు కడుగులు కడిగి లస్మవ్వ వండే కూర కోసం జాబిలి పొయ్యి ముందే కూర్చునేది. పెద్దవాళ్లు నోరు కట్టుకోగలరు, పిల్ల వాడవాళ్ల ముందు నోరు జారితే? అందుకని సరూప బొమ్మగోడ మీద పేగులు శుభ్రం చేసే దృశ్యాలు పెట్టి చూపించింది. లోపలి పేడ బయటికి రావడం దగ్గరగా చూపించి, "ఛీ అను," అంది. రోజుకు పదిసార్లు అనిపించింది. ఇరవయ్యో రోజున పిల్ల, "అమ్మా, అమ్మమ్మ నాకు బువ్వ పెట్టే చేతులతోనే గదా గియ్యి కడిగేది?" అని అడిగింది. సరూప పని తొందరలో, "ఔ మరి," అనేసింది.

ఇప్పుడు శమీవాటిక వీధుల్లో నడుస్తుంటే సరూపకు ఊపిరాడలేదు. చెట్లున్నాయి, వాసన లేదు. ఇళ్లున్నాయి, ఏ ఇంట్లోంచీ పోపు ఘాటు రాదు. ఎదురైనవాళ్లంతా ఒకే అచ్చులో పోసినట్టు చిరునవ్వు నవ్వి, వెంటనే తమ మణికట్టు చూసుకుంటున్నారు. పలకరించడానికి ముందు పట్టీని అడిగి తెలుసుకోవాలి కాబోలు! తన భర్త ఓదెలు కూడా అప్పుడే ఆ నవ్వు నేర్చేసుకోవడం చూసి ఆమెకు ఒళ్లు మండింది. తర్వాత ఒక గాజుతలుపులో తన ముఖం కనిపించింది. అదే నవ్వు.

మధ్యాహ్నం ఉమ్మడి భోజనశాలలో నలభై మందితో కూర్చున్నారు. అందరి చేతుల్లో చెమ్చాలే.

"గింత పెద్ద బువ్వశాలల ఒక్కలన్న చేతితోని తింటలేరేందే?" అని లస్మవ్వ గుసగుసలాడింది.

"అవ్వా, నిమ్మలంగ తిను. మాట్లాడకు."

లస్మవ్వ మాట్లాడలేదు. కానీ అరవై ఎనిమిదేళ్ల చెయ్యి ఊరుకుంటుందా? చెమ్చా పక్కన పెట్టి పెరుగన్నం కలిపింది. ఒక ముద్ద చేసి, ఎప్పటిలాగే మనవరాలి నోటి ముందు పెట్టింది. చెమ్చాలన్నీ ఆగిపోయాయి. నలభై మణికట్లు నలభై జతల కళ్లముందుకు లేచాయి.

ఒక్క పట్టీ కూడా మోగలేదు. ఎదురుగా ఉన్న పెద్దాయన తల ఊపుతూ, "ఎంత ముచ్చటగా ఉందండీ! ఇలాంటివి ప్రదర్శనశాలలో తప్ప చూడలేదు," అన్నాడు. పక్కావిడ, "అచ్చమైన సంప్రదాయం," అంది. తన తల్లిని ఒక బొమ్మను చూసినట్టు చూసి మెచ్చుకుంటున్న ఆ మనుషులను చూస్తే సరూపకు అన్నం మీద అసహ్యం పుట్టింది. అయినా చేతులు జోడించింది. ఇల్లు కావాలి మరి.

అప్పుడు మోగింది ఒక పట్టీ, సన్నగా, ఆగకుండా. అందరూ వెతికారు. అది జాబిలి చేతికి ఉంది. డెబ్బై ఒకటి.

వాడలో దేనికీ వద్దనకూడదని అమ్మ చెప్పింది కాబట్టి పిల్ల నోరు తెరిచి ముద్ద తీసుకుంది. బుగ్గలో పెట్టుకుని, మింగక, కక్కక, కళ్లనిండా నీళ్లతో కూర్చుంది. లస్మవ్వ చెయ్యి వెనక్కి తీసుకుని పైటకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

భోజనాలయ్యాక ప్రణవి తన గదికి పిలిచింది. "అభినందనలండి! వాడ సగటు తొమ్మిది. ఈ ఏడు ఇంత తక్కువ ఎవరికీ రాలేదు," అని, నవ్వు కొలత మార్చకుండానే, "ఒక చిన్న ఇబ్బంది," అంది. "ఒకే ఇంటివాళ్ల మధ్య ముప్పై దాటకూడదని నియమం. ఇంటి లోపలి ఏవగింపు మెల్లగా గోడ దాటుతుందని గతంలో తేలింది. పాపకు అమ్మమ్మగారి మీద డెబ్బై ఒకటి వచ్చింది. మీరు ముగ్గురైతే ఇల్లు సిద్ధంగా ఉంది. పెద్దావిడకు ఊరి అవతల వృద్ధుల వాడలో గది ఇప్పిస్తాం, అక్కడ ఆమెకు చక్కగా సరిపోతుంది. సాయంత్రం ఐదు లోపల చెప్పండి. అప్పటిదాకా పట్టీలు విప్పకూడదు."

మనుషుల్ని ఎవరి పక్కన ఎవరుండాలో సర్దడానికి పుట్టిన పట్టీ, అమ్మమ్మ ఒడిలో పెరిగిన పిల్లకు అమ్మమ్మ మీద రోత నేర్పించే ఇల్లు ఒకటి తయారవుతుందని ఊహించి ఉండదు. దాన్ని తిట్టుకునే హక్కు కూడా సరూపకు లేదు. ఛీ అను అని నేర్పింది తాను.

"నాకేంది కొడుకా," అంది లస్మవ్వ అల్లుడితో, ఎవరూ అడగకముందే. "యాడున్నా గింత మూల సాలు. పిల్ల పాణం ముఖ్యం."

ఇంటికి వెళ్లే తీగబండి ఎక్కారు. ఊరి మీదుగా తీగకు వేలాడుతూ పోయే ఆ పెట్టెలో మరో పదిమంది ఉన్నారు, అందరూ పట్టీ లెక్కతో ఇళ్లు దొరికిన వాడలవాళ్లే, అందరికీ పట్టీలే. ఓదెలు కిటికీలోంచి చూస్తూ, "ఆదివారం ఆదివారం అత్తమ్మను సూసి రావచ్చు. తీగబండ్ల గంట గూడ పట్టది," అన్నాడు.

సరూప మాట్లాడలేదు. తన మౌనం దేనికి పనికొస్తుందో ఆమెకు బాగా తెలుసు. ఒప్పుకున్నానని నోటితో అనక్కర్లేకుండా పని జరిగిపోతుంది. నీలపు పెదవులు గుర్తుచేసుకుంది, అవి నిజం. వాటిని అడ్డం పెట్టుకుని తల్లిని వదిలించుకోబోతున్నదీ నిజం. తన మీద తనకు పుట్టిన రోతను కొలిచే పట్టీ లేనందుకు బతికిపోయాననుకుంది.

మలుపు దగ్గర బండి గట్టిగా ఊగింది. జాబిలి "అమ్మా" అని ముందుకు వంగింది. ఇందాక బలవంతాన మింగిన ముద్దతో సహా కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చింది. సరూప అసంకల్పితంగా కాళ్లు వెనక్కి లాక్కుంది. ఆమె చీర మీద పడుతుందని ఓదెలు పక్కకు లాగాడు. లస్మవ్వ మాత్రం దోసిలి పిల్ల గడ్డం కింద పట్టింది.

"కక్కెయ్ బిడ్డా, కక్కెయ్. అంతా బయటికి రానియ్యి," అంటోంది. వేళ్ల సందుల్లోంచి మోచేతుల దాకా కారుతోంది. పెట్టెలో పట్టీలు ఒక్కసారిగా మోగాయి. పదిమందీ ముక్కులు మూసుకుని అవతలి మూలకు జరిగారు.

జాబిలి ఎక్కిళ్లు తగ్గాక తలెత్తింది. అంకెలు కనిపిస్తే చదవకుండా ఉండలేని వయసు. "అమ్మా, నీది అరవై ఎనిమిది. నాన్నది డెబ్బై రెండు," అంది. తర్వాత తన ముఖం కిందున్న దోసిలి వైపు, ఆ మణికట్టు వైపు చాలాసేపు చూసింది. "అమ్మమ్మది సున్న."

సరూప లేచి వెళ్లి తల్లి ముందు కింద కూర్చుంది. "అవ్వా, చేతులు ఇయ్యి," అంది. తన పైట చెంగుతో ఒక్కో వేలూ తుడవడం మొదలుపెట్టింది. వాసనకు ఆమె కడుపులో తిప్పుతూనే ఉంది, మణికట్టు మోగుతూనే ఉంది. ఆమె చెయ్యి ఆపలేదు. తల తిప్పకుండానే భర్తతో, "ఆ ఇల్లు మనకొద్దని చెప్పు," అంది.

"పిల్లకు మళ్ల దమ్మొస్తే?"

"మోసుకోని ఉరుకుదాం. రెండుసార్లు ఉరికినం గదా."

లస్మవ్వ కంగారుగా ఇద్దరి ముఖాలూ చూసింది. తడి మణికట్టును కూతురి ముందుకు చాపి, "ఆగుండ్రి, తొందరపడకుండ్రి," అంది. "అందరియి మోగుతుంటే నాదొక్కటే మోగలే. ఇది ఖరాబైనట్టుందే. పిల్లదాన్ల గూడ గిట్లనే లెక్క తప్పొచ్చింది గావచ్చు. ఇంకోటి కట్టి సూడుమనుండ్రి బిడ్డా, గంతకే ఇల్లు ఇడిసిపెట్టుకుంటరా?"