తడిపిండి ఆగదు

ఆత్మకూరు ఊరి చివర, ఉదయగిరి రోడ్డు పక్కన వెలసిన ఆ కొత్త కాలనీలో వీధికంతా ఒక్కటే కుళాయి. అక్కడికి నీళ్లకంటే ముందు వార్తలొస్తాయి. వార్తలకంటే ముందు రెబెకమ్మ వస్తుంది. బిందె వరసలో పెట్టి, కొంగు తలమీదుగా లాక్కుని సిమెంటు దిమ్మె మీద కూర్చుందంటే ఇంక రేడియో అక్కర్లేదు. ఎవరింటి గోడలకు సున్నం పడింది, ఎవరు వెదురుబద్దలు తెప్పించి క్రిస్మస్ నక్షత్రం కట్టిస్తున్నారు, ఎస్టీడీ బూతులో ఎవరు ఏడ్చుకుంటా మాట్లాడినారు, అన్నీ ఆమె నోటి మీదుగానే వీధిలోకి పోవాలి.

ఆ పొద్దునా అంతే. వంటింటి కిటికీలోంచి కోడలు సుధారాణి వింటూనే ఉంది.

"శీనమ్మ కోడలు అలిగి సీతారామపురం పొయ్యిందంటమ్మే! పండగ ముంగిట్లో పుట్టింటికి పోవడమేంది? మగనితో కాదంట, గ్రైండరు కాడ మాటా మాటా వచ్చిందంట."

సుధారాణి నుదురు కొట్టుకుంది. శీనమ్మ ఎక్కడో కాదు, ఎదురింట్లోనే ఉంటుంది. ఆమె గడప దాటకముందే ఈ మాట చెవిన పడుతుంది.

అంతలో పాలు పోసే పెంచల్ సైకిలు దిగాడు. కొత్తగా ఈ వీధికి వస్తున్నవాడు. ఎప్పుడో పాత ఇంటి దగ్గర రెబెకమ్మ భర్తను చూసుంటాడు, నవ్వుతా అడిగాడు.

"అవ్వా, పెద్దాయన కనపళ్ళా? యాడికన్నా పొయ్యుండాడా?"

రెబెకమ్మ చెంబు ముందుకు చాపింది. "మీ గేదె ఈనిందా అబ్బయా? దూడ ఆడదా మొగదా? మొన్న ఎవరో అంటా ఉండారు, మీ ఊర్లో ఎవరి గేదెకో కవల దూడలంట గదా?"

వాడు గేదె సంగతి చెప్పుకుంటా పోయాడు. సుధారాణికి ఒళ్ళు మండింది. అడిగినదానికి ఒక్క మాట జవాబు చెప్పదు, ఊరందరి గొడ్డూ గోదా మాత్రం కావాలి ఈమెకు!

మామగారు కొండలయ్య పోయింది ఎండాకాలంలో. సోమశిల డ్యామ్ పనిలో మేస్త్రీగా చేసి, చివరికి ఈ కాలనీలో రెండు గదులు కట్టుకుని, పొద్దున లేచి గడ్డం గీసుకుంటా అద్దం ముందే కూలబడ్డాడు. ఆయన లేని మొదటి క్రిస్మస్ ఇది. ఇల్లు చీకటిగా కనపడకూడదని సుధారాణి పట్టుదల. చీకటిపడితే అత్త ఒక్కతే గోడ వైపు తిరిగి కూర్చోవడం చూడలేక, ఈ పండగ గట్టిగా చెయ్యాలనుకుంది. తను పాఠాలు చెప్పే స్కూలుకు సెలవులిచ్చారో లేదో అరిసెలకు బియ్యం నానబెట్టింది. నానబెట్టే ముందు అత్తనడిగింది కూడా.

"అత్తా, అరిసెలకు బియ్యం పోస్తా ఉండాను."

"నీ ఇష్టం," అని రెబెకమ్మ పెరట్లోకి వెళ్లిపోయింది.

భర్త ప్రేమానందాన్ని అడిగితే, "ఆడవాళ్ల సంగతులు నాకేం తెలుసు, అమ్మనడుగు," అని బండి కిక్కు కొట్టి దుత్తలూరు డ్యూటీకి పోయాడు. కరెంటాఫీసు ఉద్యోగం గదా, ఏ మాటకైనా స్విచ్చి ఆపేసి పోవడం ఆయనకు బాగా తెలుసు.

ఆ వీధిలో ఒక పద్ధతుంది. పండగ ముందు రోజుకొక ఇల్లు చొప్పున వంతు. ఒక ఇంట్లో బియ్యం నానినాయంటే పిలిచినట్టే. మధ్యాహ్నం గిన్నెలు కడుక్కుని ఆడవాళ్లంతా ఆ ఇంటికి చేరతారు. ఒకరు పాకం పడతారు, ఒకరు పిండి పోస్తారు, ఒకరు కలుపుతారు, ఇద్దరు తట్టి నూనెలో వేస్తారు, ఇంకొకరు చెక్కల మధ్య అరిసెను నొక్కి నూనె పిండుతారు. ఒక్కమనిషి చేతుల్తో అయ్యే పని కాదది. చర్చికి పోయేవాళ్ళూ, గుడికి పోయేవాళ్ళూ అని తేడా లేదు. మల్లీశ్వరి వాళ్ళు సంక్రాంతికి చేసుకుంటే వీళ్ళు పోతారు, వీళ్ళు క్రిస్మస్‌కు చేసుకుంటే మల్లీశ్వరి వస్తుంది.

పొద్దున మిల్లుకు పోయినప్పుడే సుధారాణికి అనుమానం తగిలింది. వడకట్టిన బియ్యం గంప చూడగానే అక్కడున్న ఆడవాళ్ళు మాటలాపేశారు. ఒకామె ఏదో అనబోయి పక్కామె మోచేయి తగిలి ఊరుకుంది. ఎవరూ "ఇయ్యాల మీదేనా వంతు?" అని అడగలేదు.

పిండి జల్లించి, బేసిన్‌లో అదిమి, తడిగుడ్డ కప్పి పెట్టింది. నువ్వులు ఏరింది. బెల్లం కొట్టింది. బాండలి తోమి ఎండలో బోర్లించింది. చాప పరిచింది. గడప వైపు చూస్తా కూర్చుంది.

ఎవరూ రాలేదు.

ఎండ గడప దాటి చాప మీదికొచ్చింది. గుడ్డ ఎత్తి పిండి వాసన చూసింది. ఇంకా బాగానే ఉంది. కానీ తడిపిండి ఆగదు. సాయంత్రానికల్లా పాకంలో పడకపోతే పులుస్తుంది, పులిసిన పిండి నూనెలో విచ్చిపోతుంది. బియ్యం పోయినా పోయిందనుకోవచ్చు. మామగారు పోయిన ఏడే ఇంట్లో అరిసెల పిండి పారబోశారనే మాట మాత్రం ఎవరు మోస్తారు?

లేచి పక్కింటికి పోయింది. మల్లీశ్వరి తలుపు దగ్గరే నిలబెట్టింది.

"ఏం మల్లీ, రావా? పిండి ఎదురుచూస్తా ఉండాది."

"ఇయ్యాల... పనుండాదిలే టీచరమ్మా." మల్లీశ్వరి మొహం పక్కకు తిప్పుకుంది. లోపల్నుంచి నూనె వాసన వస్తోంది. పండగ వీళ్ళది కానేకాదు, అయినా మనుబూలు పిండుతున్నారు! చాటలో పోసిన ఆ జంతికల కుప్ప గుమ్మంలోకి కనపడుతూనే ఉంది.

"పనేందో కనపడతానే ఉండాది," అని సుధారాణి గిరుక్కున తిరిగింది. వెనకనుంచి మల్లీశ్వరి, "అది కాదక్కా, మీ అత్త చెప్పలా..." అంటూనే ఉంది. మీ అత్త అన్న ముక్క ఒక్కటే సుధారాణి చెవిలో పడింది. అది చాలు.

అవునింక! ఈ ఏడు ఒక్క వంతుకూ అత్త పోలేదు. మోకాళ్ళ నొప్పులంది. నొప్పులా పాడా, వాళ్ళు రానిచ్చి ఉండరు. రోజుకొకరి సంగతి కుళాయి కాడ కడిగి ఆరేస్తే ఎవరు రానిస్తారు? మొన్న వాళ్ళ అల్లుడి సంగతి, నిన్న వీళ్ళ మిద్దె సంగతి, ఇయ్యాల శీనమ్మ కోడలు!

ఇంటికొచ్చేసరికి రెబెకమ్మ అరుగు మీద కూర్చుని, దారినపోయే ఎవరినో ఆపి, "మీ చెల్లెలికి ఇంకా నెల తప్పలేదా?" అని అడుగుతా ఉంది. ఆ మనిషి తప్పించుకుని పోయింది.

"అత్తా, లోపలికి రండి."

"ఏందమ్మా?"

"రండంటున్నాను గదా!"

రెబెకమ్మ గడప లోపలికొచ్చి నిలబడింది. సుధారాణి బేసిన్ మీది గుడ్డ లాగింది.

"చూడండి. బాగా చూడండి. ఒక్కరంటే ఒక్కరు తొంగిచూళ్ళేదు. ఎవరి వల్ల?"

"నేనేం చేసినానమ్మా?"

"ఏం చేసినారా? శీనమ్మక్క కోడలు అలిగిపోతే మీకెందుకు? కుళాయి కాడ చాటింపు వెయ్యకపోతే నీళ్ళు రావా? వీధిలో ఎవరింట్లో చెంబు కిందపడినా మీరే చెప్పాల! బళ్ళో పిల్లలకు నోరు ముయ్యమని రోజంతా చెప్పొస్తాను, ఇంటికొచ్చి మీకూ చెప్పాల్నా? వాళ్ళందరూ కలిసి మనల్ని వెలేసినారు, అర్థమయిందా?"

"వెలెయ్యలేదమ్మా, అది..."

"ఏది? చెప్పండి! ఊరందరివీ చెప్తారు గదా, ఇదేందో చెప్పండి!"

రెబెకమ్మ పెదవులు కదిలాయి. అంత మాటకారి, ఊరికే కోడలి మొహంలోకి చూస్తా నిలబడింది. ఆ చూపు సుధారాణిని ఇంకా రెచ్చగొట్టింది.

"మామయ్య పోయినాక మీ నోటికి అడ్డం చెప్పేవాళ్ళు లేకపోయినారు!"

మాట అన్నాక గానీ అది ఎంత దూరం పోయిందో తెలియలేదు. రెబెకమ్మ గోడ పట్టుకుంది. బేసిన్ పక్కనుంచి నడిచి వంటింట్లోకి పోయి, పొయ్యి ముందు కూలబడింది.

"ఏం టీచరమ్మా, కుళాయి దాకా వినపడతా ఉండాది మీ పాఠం!"

గుమ్మంలో శీనమ్మ. చేతులనిండా పిండి, నడుములో దోపిన కొంగు. సుధారాణి కళ్ళు తుడుచుకుంది.

"మా అత్త మీ గురించి అన్నదానికి నేను క్షమించమంటానక్కా. కోపముంటే నన్ను తిట్టండి. కానీ వంతుకు రాకపోవడం..."

"నా కోడలి సంగతా? నేనే చెప్పినా మీ అత్తకు! ఆమె చెవిన వేస్తే పొద్దున బస్సుకే మాట సీతారామపురం చేరుతుందని చెప్పినా. చేరింది, రేపొచ్చేస్తానని పిల్ల ఫోను చేసి కబురు పెట్టింది." శీనమ్మ నవ్వబోయి బేసిన్ చూసి ఆగిపోయింది. "అయితే నిజంగానే పిండి పట్టించినావా? మిల్లు కాడ అన్నారంటే నేను నమ్మలా. అదేందమ్మా, చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు పండగ నూనె పొయ్యెక్కదు గదా! అందుకే గదా మేమెవరం రానిది. ఇరుగుపొరుగోళ్ళే చేసి తెచ్చిపెడతారు. మీ వాటా అరిసెలు మా ఇంట్లో పోస్తా ఉండాం, మనుబూలు మల్లీశ్వరి ఎత్తుకుంది."

సుధారాణి చాప మీద కూర్చుండిపోయింది. నెల్లూరు హాస్టళ్లలో పెరిగిన పిల్ల, తల్లి ముఖం కూడా సరిగా తెలియదు. ఇలాంటివి ఆమెకు ఎవరు చెప్పారు గనక?

"మనం చర్చికి పోయేవాళ్ళం గదక్కా. మనకు కూడా ఈ పట్టింపులుంటాయా?"

"నేను మాత్రం యాడికి పోతాను, చర్చికే గదా? పాస్టరయ్య చెప్పలేదు, బైబిల్లోనూ లేదు. ఏడ్చే మనిషి చేత పండగ పిండి కలిపించకూడదని, అంతే! చేతులు పైకి లేవవమ్మా ఆ ఏడు." శీనమ్మ గొంతు తగ్గించింది. "మీ అత్త చెప్పలా?"

ఆ ప్రశ్నకు ఇద్దరూ వంటింటి వైపు చూశారు.

ఊళ్ళో పుట్టిన దూడ దగ్గర్నుంచి అన్నీ చెప్పే మనిషి. సుధారాణికి ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. పొద్దున పెంచల్ పెద్దాయన యాడంటే గేదెను అడ్డం పెట్టుకుంది. చర్చిలో ఎవరో పలకరిస్తే పాస్టరమ్మ కొత్త చీర సంగతి ఎత్తుకుంది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా "ఆయన పోయినాడు" అనే మాట అత్త నోట తాను ఒక్కసారైనా వినిందా? లేదు. ఒక్క ఆ వార్త చెప్పాల్సి వస్తుందనే, వీధిలో వార్తలన్నీ ఏరుకొచ్చి అడ్డంగా పోసుకుంటోంది.

వంటింట్లోకి పోయి అత్త పక్కనే నేలమీద కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదత్తా? కూడదంటే మానేసేదాన్ని గదా."

రెబెకమ్మ ఆరిన పొయ్యిలోకి చూస్తా అంది. "చెప్పకూడదని కాదమ్మా. చెప్పాలంటే ముందు ఆ మాట అనాల గదా."

సుధారాణి ఆమె చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

"నన్ను తిట్టండత్తా," అంది.

"తిట్టేదేముందిలే. నోరు పెద్దదే నాది. ఆయనా అదే అంటా ఉంటాడు."

శీనమ్మ అప్పటికే బేసిన్ చంకనెత్తుకుంది. "ఏడుపులు తర్వాత చూసుకుందురు గానీ, పిండి పులుస్తుంది. మీ పొయ్యి మీద ఎక్కకూడదు, నా పొయ్యికేమొచ్చింది? లే వదినా. నువ్వు చెయ్యి పెట్టొద్దు, పాకం చూసి చెప్పు చాలు. నీ అంత పాకం నాకు రాదని వీధికంతా నువ్వే చెప్పినావు గదా!"

"అబద్ధమా మరి? పోయినేడు నీ అరిసెలు రాళ్ళు గదంటే!" అంది రెబెకమ్మ కళ్ళు ఒత్తుకుంటా.

ముగ్గురూ వీధి దాటారు. మల్లీశ్వరి కూడా చాట పక్కన పెట్టి వచ్చేసింది, సుధారాణిని చూసి మూతి ముడిచి. "చెప్తా ఉంటే వినకుండా ఉరికితే ఎట్టక్కా? టీచర్లు వినరా ఏంది?"

"వినుంటే నీ చేత ఇన్ని మాటలు పడేదాన్నా?" అంది సుధారాణి.

శీనమ్మ పెరట్లో పొయ్యి మండుతోంది. బెల్లం పొంగి నురగ తేలింది. నీళ్ళ పళ్ళెంలో పాకం చుక్క వేసి ఇస్తే, రెబెకమ్మ దాన్ని వేళ్ళ మధ్య చుట్టి చూసింది. "ఇంకొంచెం." మళ్ళీ చూసింది. "ఊఁ, దించు, దించు! పొయ్యండి పిండి!" అని అరిచింది. సుధారాణి పోసింది, శీనమ్మ కలిపింది, మల్లీశ్వరి నువ్వులు చల్లింది. బేసిన్ ఖాళీ అయింది.

మొదటి అరిసె ఎర్రగా వేగి పైకి తేలింది. చెక్కల మధ్య నొక్కి శీనమ్మ దాన్ని రెబెకమ్మ చేతిలో పెట్టింది. ప్రతి ఏడూ మొదటి అరిసె కొండలయ్యది. పొయ్యి పక్కన పీట వేసుకుని, ఊదుకుంటా తిని, "ఉప్పు తగ్గిందే," అనేవాడు. అరిసెల్లో ఉప్పేందయ్యా అని ఈమె గరిటె ఎత్తేది. ప్రతి ఏడూ అదే మాట, అదే గరిటె. సుధారాణి కాపరానికొచ్చిన మొదటి ఏడు నిజమేననుకుని ఉప్పు డబ్బా తెచ్చిచ్చింది కూడా.

రెబెకమ్మ ఆ అరిసెను కోడలి ముందుకు చాపింది. "నువ్వు తిని చెప్పు."

సుధారాణి కొరికింది. నాలుక కాలింది. నమిలి, మింగి, అత్త కళ్ళలోకి చూసింది.

"ఉప్పు తగ్గిందత్తా."

రెబెకమ్మ ముందు గరిటె కోసం చెయ్యి చాపింది. ఆ చెయ్యి అట్టే గాల్లో ఆగిపోయింది. నవ్వింది. ఆ నవ్వు మధ్యలో విరిగి ఏడుపయింది. కోడలి భుజం మీద తల ఆన్చి, అన్ని నెలలుగా లోపల పెట్టుకున్నదంతా గొంతెత్తి ఏడ్చింది. సుధారాణి పిండి చేతుల్తోనే ఆమెను పట్టుకుంది.

చాలాసేపటికి తలెత్తి కొంగుతో ముక్కు తుడుచుకుని, మల్లీశ్వరి వైపు తిరిగింది.

"మా ఆయన పోయినాడు మల్లీ. నీకు తెలుసా, ఆ పొద్దున గడ్డం గీసుకుంటా నన్ను పిలిచినాడు. నేను కుళాయి కాడ ఉండాను..."

మల్లీశ్వరికి తెలుసు. శీనమ్మకు తెలుసు. వీధి మొత్తానికీ తెలుసు. అయినా చేతుల్లో పని కిందపెట్టి, కొత్తగా వింటున్నట్టు అందరూ ఆమె వైపు జరిగారు. సుధారాణి పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగింది. పాకంలో కలిసిన పిండికి ఇంక పులుపు భయం లేదు. ఎంతసేపు చెప్పినా ఆగుతుంది.