డాక్టరమ్మకు నచ్చని బొమ్మ

"ఇదేంది? స్కానా, పొగమంచా?"

మేడ్చల్‌లోని చిన్న హాస్పిటల్‌కు కొత్తగా వచ్చిన రేడియాలజిస్ట్ జాస్మిన్ స్క్రీన్ మీద ఒక పేషెంట్ బొమ్మ చూస్తూ అంది. పక్కన నిలబడ్డ సాలోమోను మొహం మాడిపోయింది.

అతనూ, అతని దోస్తులూ దూలపల్లిలో తయారుచేసిన మెషిన్ అది. ఆడవాళ్లు బల్ల మీద బోర్లా పడుకుంటే చాలు. బల్లకున్న రంధ్రం కింద గోరువెచ్చని నీళ్లలో చుట్టూ శబ్ద తరంగాలు పంపి రొమ్ములో గడ్డలుంటే చూపిస్తుంది. నొక్కడం లేదు, నొప్పి లేదు. బొమ్మే మసక.

"వారం టైమియ్యండి మేడమ్. అద్దంలెక్క చేసి చూపిస్త."

అన్నట్టే అదే బొమ్మను మళ్లీ తెచ్చాడు. గీతలన్నీ తళతళలాడుతున్నాయి. జాస్మిన్ దాని పక్కనే ఆ పేషెంట్ మామూలు స్కాన్ పెట్టింది.

"మస్తుంది. గానీ గీ చిన్న గడ్డ మీ దాంట్ల ఏది?"

సాలోమోను తడబడ్డాడు. "సాఫ్ట్‌వేర్... మరక అనుకొని తుడిచేసినట్టుంది."

"అయితే నేను ఓకే చెప్పను."

"ఒక్క గడ్డకు గింత పరేషానా మేడమ్?"

"అది ఉన్నామెను అడగండి."

ఆ మాట అతన్ని ఇంటిదాకా వెంటాడింది. మర్నాడు వానలో తడుస్తూనే వచ్చాడు.

"తప్పు దొరికింది మేడమ్. శబ్దం అంతటా ఒకే స్పీడ్‌తో పోతదని లెక్క కట్టినం. కొవ్వులో మెల్లగ పోతది, గడ్డలో జల్దీ పోతది. ఎక్కడెంత స్పీడో ముందు తేల్చుకుంటే బొమ్మ దానంతటదే తేటగైతది."

"మరి తేల్చండి."

"మీరు పక్కనుంటే..."

"ఏంది?"

"అంటే, ఏది గడ్డనో చెప్పనీకి!"

జాస్మిన్ నవ్వాపుకోలేక తన తువ్వాలు అతని మీదికి విసిరింది. "ముందు తల తుడుచుకోండి."

అప్పటినుంచి శనివారాలు ఆమె దూలపల్లికి వచ్చేది. రొమ్ములా మెత్తని జెల్లీ ముద్దలో గడ్డలకు బదులు ఆవగింజలు దాచేది. అతను మెషిన్‌తో వెతికేవాడు.

"నాలుగున్నయ్."

"అయిదు. మళ్ల చెయ్."

"'మీరు' పోయి 'నువ్వు' ఎప్పుడొచ్చింది?"

"గింజలు లెక్కపెట్టు, మాటలు కాదు."

వానాకాలం వెళ్లేసరికి మెషిన్‌కు ఒక్క గింజ కూడా తప్పిపోవడం లేదు.

అప్పుడే సాలోమోను తల్లి ఎలీషమ్మ నోరు విప్పింది. రొమ్ములో గట్టిగా ఏదో తగులుతోందట. భయంతో అన్నాళ్లూ కొడుక్కి కూడా చెప్పలేదు. ఆమెను బల్ల మీద పడుకోబెట్టి మెషిన్ ఆన్ చేయబోయి సాలోమోను రెండుసార్లు తప్పు బటన్ నొక్కాడు. జాస్మిన్ అతని చేతిని పక్కకు జరిపి తనే బటన్ నొక్కింది.

స్క్రీన్ మీద గుండ్రంగా, నున్నటి అంచుతో ఒక మచ్చ తేలింది. లోపల శబ్దం నీళ్లలో పోయినట్టే పోతోంది. జాస్మిన్ వెంట తెచ్చిన చిన్న స్కానర్‌తో మామూలు స్కాన్ కూడా చేసి రెండూ పోల్చి చూసింది. అప్పుడుగానీ ఊపిరి పీల్చుకోలేదు.

"భయమేం లేదు అత్తమ్మా. వట్టి నీటి తిత్తి."

ఏమందో గుర్తొచ్చి జాస్మిన్ చెవుల దాకా ఎర్రబడింది. సాలోమోను తల్లిని చూడాలో, జాస్మిన్‌ను చూడాలో తెలియక నేల చూశాడు.

ఎలీషమ్మ మెల్లగా లేచి కూర్చుని, పైట సర్దుకుంది.

"బిడ్డా, ఆదివారం మీ బాపు ఇంట్ల ఉంటడా? చర్చి అయినంక మేమొస్తం."