వెట్ స్లేట్ వాళ్ళ గట్టిమేళం

చంద్రగిరి రోడ్డులోని ఆ కల్యాణ మండపంలో పెళ్ళికొడుకు ముహూర్తానికి ముందే తాళి కట్టేశాడు. తప్పు పెళ్ళికొడుకుది కాదు, పురోహితుడిది అసలే కాదు. తప్పంతా ఢిల్లీబాబుది. ఇంకా వెనక్కి వెళ్తే, ఎప్పుడో డెబ్బైల్లో ఇంగ్లండులో డ్రమ్స్ వాయించిన ఒక మనిషిది.

ఢిల్లీబాబుది సౌండ్ సర్వీస్. మైకులు, స్పీకర్లు పెట్టి, మంత్రాలు మొదలయ్యాక ఖాళీగా కూర్చుంటాడు. ఆ రోజు చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, మిక్సర్ మీద మోచెయ్యి ఆనించి, మిక్సర్‌కు తగిలించిన తన ఫోన్లో పాట వింటున్నాడు. పాటంటే మాటల్లేని పాట. ట్రంపెట్, ఎలక్ట్రిక్ పియానో, వాటి కింద బేస్ గిటార్, అన్నీ తాపీగా నడుస్తూ నడుస్తూ ఒకచోట ఉన్నట్టుండి డ్రమ్స్ విరుచుకుపడతాయి. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మోచెయ్యి జారింది. మిక్సర్ మీది మీట పైకి వెళ్ళింది. హెడ్‌ఫోన్స్‌లో ఉన్నదంతా హాల్లోకి వచ్చిపడింది.

తాళి కట్టే క్షణాన గట్టిమేళం మోగాలి. ఎవరి తుమ్మూ, ఎవరి చెడ్డమాటా పెళ్ళికూతురి చెవిన పడకూడదని ఆ ఏర్పాటు. పురోహితుడు చెయ్యి ఎత్తగానే డోలూ నాదస్వరమూ ఒక్కపెట్టున లేస్తాయి, పెళ్ళికొడుకు ముడి వేస్తాడు, జనం అక్షింతలు చల్లుతారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. చప్పుడు వినబడితే చేతులు వాటంతట అవే లేస్తాయి.

ఆ రోజూ అలాగే లేచాయి. తాళి చేతికిచ్చినప్పటి నుంచీ చెమటలు కక్కుతున్న పెళ్ళికొడుకు గబగబా మూడు ముళ్ళూ వేసేశాడు. హాలంతా అక్షింతలు కురిపించింది. పురోహితుడు నోరు తెరిచి, మళ్ళీ మూసి, చేతి గడియారం చూసుకుని, "ఇదీ మంచి గడియేలే" అన్నాడు. అందరూ భోజనాలకు లేచారు.

వేదిక పక్కన డోలు చిన్నబ్బ మాత్రం కర్ర ఎత్తిపట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. దాన్ని దించడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దున ఢిల్లీబాబు షాపు షట్టరు ఎత్తుతుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఢిల్లీబాబంటే నువ్వేనా?"

భుజానికి బ్యాగు, చేతిలో టిఫిన్ బాక్సు, ముఖంలో నిప్పులు. తిరుపతిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే అమ్మాయి, బస్సుకు పోతూ ఇక్కడ ఆగింది.

"నేనే. మైకు గావల్నా?"

"అక్కర్లే. మా నాయన పని లాక్కున్న పాట యాదో ఇనల్ల. పెట్టు."

"మీ నాయన ఎవురు?"

"డోలు చిన్నబ్బ. నేను కోమలి. నిన్న ఇంటికొచ్చి డోలుకు గుడ్డ సుట్టి కొయ్యకు తగిలించేసినాడు. మిషను కొడితే తాళి పడింది, ఇంక నేనెందుకు అంటా ఉండాడు. అన్నం గూడా సరిగ్గా తిన్లే."

ఢిల్లీబాబు తల దించుకున్నాడు. క్షమాపణ చెప్పబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అది మా నాయనకు చెప్పుకో. ముందు పాట పెట్టు. ఏ పాటి వాయించినారో సూస్తా."

అతను ఫోను తియ్యలేదు. షాపు లోపలికి వెళ్ళి, గుడ్డ కప్పిన పాత రికార్డు ప్లేయరు మూత ఎత్తి, నల్లటి పళ్ళేన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని తెచ్చాడు. దాన్ని అలా పట్టుకోవడం చూసి కోమలి కోపం కొంచెం తడబడింది. వాళ్ళ నాయన డోలును అలాగే ఎత్తుకుంటాడు.

"ఏం పేరు?"

"వెట్ స్లేట్. ఇంగ్లండోళ్ళ బ్యాండు."

"తడిసిన పలకా? పలక తడిస్తే ఏం రాస్తారబ్బా?"

"రాయలేకనే గదా, ఒక్క రికార్డుతో ఆపేసినారు."

పాట మొదలైంది. మొదట్లో కోమలి చేతులు కట్టుకుని నిలబడింది. కాసేపటికి కట్టుకున్న చేతుల్లో ఒకటి ఊడివచ్చి, బల్ల మీద వేళ్ళతో ఏదో లెక్క వేసింది. ఆగి, మళ్ళీ వేసింది.

"ఇది మిశ్రచాపు" అంది. "తకిట తకధిమి. మూడూ నాలుగూ ఏడు. వీళ్ళకు ఎవురు నేర్పినారు?"

"ఎవురూ నేర్పుండరు. వాళ్ళంతట వాళ్ళే యాడనో పట్టుకోనుంటారు." ఢిల్లీబాబు ఆమె వేళ్ళనే చూస్తున్నాడు. "నేనూ శానా దినాలుగా ఇంటా ఉండా. యాడనో మెట్టు దిగబోతే మెట్టు లేనట్టుంటాది. ఎందుకో తెలిసేది గాదు."

"ఇప్పుడు తెలిసిందా?"

"ఆ."

డ్రమ్స్ విరుచుకుపడే చోటు వచ్చింది. కోమలి కళ్ళు మూసుకుని వింది. పూర్తయ్యాక టిఫిన్ బాక్సు అందుకుంది.

"బాగానే వాయించినాడు. ఆ పెండ్లికొడుకు తప్పేం లేదు. అయినా నీ తప్పు పోదు. ఆ డోలు కొయ్య మీద నుంచి దిగల్ల. ఎట్ల దించుతావో నువ్వే సూడు."

ఆమె వెళ్ళిపోయాక ఢిల్లీబాబుకు ఆ వారమంతా బల్ల మీద వేళ్ళ చప్పుడే వినిపించింది.

కోమలి మళ్ళీ వచ్చింది. సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోయే దారిలోనే షాపు ఉంది కాబట్టి వచ్చానంది. దారి అంతకుముందు కూడా అదే, అప్పుడెప్పుడూ ఆగలేదన్న మాట ఢిల్లీబాబు పైకి అనలేదు. అంతమాత్రం తెలివి అతనికి ఉంది.

రికార్డులు ఎక్కడివని అడిగితే చెప్పాడు. తిరుపతిలో ఒక పాత లాడ్జి కూలగొడుతుంటే స్పీకర్ల కోసం వెళ్ళాడు. అటక మీద ఒక చెక్కపెట్టె. ఎప్పుడో దిగిన ఏ దొరో వదిలేసి వెళ్ళాడట. అందులో ఒక్క బ్యాండు పేరైనా ఎవరికీ తెలియదు. జాజ్‌నూ రాక్‌నూ కలిపి, పగలు ఉద్యోగాలు చేసుకుంటూ, ఏ చర్చి హాల్లోనో అద్దెకు కూర్చుని వాయించుకున్న వాళ్ళు. ఎవరూ కొనలేదు. రేడియోల వాళ్ళు వెయ్యలేదు. వెట్ స్లేట్ డ్రమ్మరు తర్వాత కరెంటు పనికి వెళ్ళిపోయాడని ఇంటర్నెట్టులో ఎవరో ముసలాయన రెండు ముక్కలు రాశాడు. అంతకుమించి ఏమీ లేదు.

"రెండో పక్క ఆఖర్న ఇను" అన్నాడు ఒకసారి. పాట ఆగిపోయింది. సూది ఇంకా తిరుగుతోంది. ఎక్కడో దూరంగా, ఎవరో ఒక మనిషి నవ్వాడు. అంతే, రికార్డు అయిపోయింది.

"ఎవురు నవ్వింది?"

"తెలీదు. తుడిచెయ్యడం మర్సిపొయినట్టుండారు."

కోమలి ఆ నవ్వును మళ్ళీ పెట్టించుకుంది. బయట వాన మళ్ళీ మొదలైంది. రేకుల మీద వాన, రికార్డులో గరగర, ఏది ఏదో తెలియకుండా పోయింది. బస్సులో తడిసిన ఆమె జడ నుంచి ఒక్కో చుక్కే నేల మీద పడుతోంది. ఢిల్లీబాబు ఆ చుక్కల్ని కూడా ఏడేసి చొప్పున లెక్కపెట్టబోయి, తనను తానే తిట్టుకున్నాడు.

"మీ నాయన కాడికి ఒకసారి పొయ్యొచ్చినా" అన్నాడు. "'అన్నా, తప్పయిపొయింది' అన్నా. మొగం తిప్పుకున్నాడు."

"మా నాయన్ని అన్నా అంటివా?"

"పెండ్లిండ్లల్లో ఎప్పుడూ అట్లనే గదా పిలుస్తా."

"ఓహో." కోమలి బ్యాగు సర్దుకుంది. "ఆయన నీకు అన్నయితే, మరి నేను నీకేమవుతానో ఇంటికి పోయి మీ అమ్మనడుగు."

ఆమె వానలోకి దిగి వెళ్ళిపోయింది. ఢిల్లీబాబు ఇంటికి వెళ్ళి అడిగాడు కూడా. వాళ్ళమ్మ శకుంతలమ్మ చపాతీ కర్ర పట్టుకుని నవ్వీ నవ్వీ, "కూతురవుతాదిరా ఎర్రోడా" అంది. ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చెడగొట్టింది మండపం ఓనరు బాలసుబ్రమణ్యం.

"మేళమోళ్ళు అక్కర్లేదప్పా" అన్నాడాయన ఢిల్లీబాబుతో. "గట్టిమేళం ఒకటి పెన్‌డ్రైవులో వేసి పెట్టు. టైముకు మీట నొక్కితే సాలు. ఆ దినం అయ్యిందిగా, తాళేం ఆగలేదే."

ఢిల్లీబాబు చెయ్యనన్నాడు. ఈ సంగతి కోమలికి చెప్పలేదు. చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పకుండా, మర్నాడు సాయంత్రం రికార్డర్ బల్ల మీద పెట్టి, "మీ నాయన గట్టిమేళం ఒక్కసారి రికార్డు చేసుకుంటా. అడిగి సూస్తావా?" అన్నాడు.

అప్పటికే మండపం మాట ఊళ్ళో పొక్కింది.

కోమలి ముఖం పాలిపోయింది. "పెన్‌డ్రైవులో వేసుకునేదానికే గదా. ఆయన వాయింపు ఆయన మీదికే పెట్టి, ఆయన్ని ఇంట్లో కూర్చోబెడతారు. దీనికా నన్ను ఇన్ని దినాలు కూర్చోబెట్టి పాటలినిపించింది?"

"కోమలీ, అది కాదు..."

"ఆ కొయ్య మీద నుంచి డోలు దించమంటి. నువ్వు కొయ్యతో సహా ఎత్తుకపోయేదానికి వచ్చినావు."

తర్వాత ఆమె బస్సు దిగి అవతలి పక్క నుంచి నడిచిపోయేది. ఢిల్లీబాబు రికార్డు పెట్టేవాడు, వినలేక తీసేసేవాడు. సంగీతం అదే, ఏడు అవే, వినే మనిషి పక్కన లేకపోతే అందులో ఏమీ మిగల్లేదు. ఒక్కడే వినడం ఇంతకుముందు అతనికి అలవాటే. ఆ అలవాటు ఇప్పుడు పోయింది.

ఆదివారం నాడు అతను ప్లేయరును టీవీఎస్ మోపెడ్ మీద కట్టుకుని చిన్నబ్బ ఇంటికి వెళ్ళాడు. రికార్డర్ తీసుకుపోలేదు.

చిన్నబ్బ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వెనక గోడకు గుడ్డ చుట్టిన డోలు. కోమలి వంటింటి గడప దగ్గర ఆగిపోయింది.

"ఆ దినం మోగింది ఇదే" అన్నాడు ఢిల్లీబాబు. "ఒక్కసారి ఇని, ఆ పైన తిట్టండి."

పాట నడిచింది. కాసేపటికి ఆయన కుడిచేతి వేళ్ళు కుర్చీ చేతి మీద కదిలాయి. డ్రమ్స్ లేచేసరికి నడుం నిటారైంది.

"ఎవురీ అబ్బ?"

"పేరుంది, మనిషి యాడుండాడో తెలీదు. ఇది ఎవురూ కొనలే. కరెంటు పని సేసుకున్నాడంట."

"బాగా వాయిస్తా ఉండాడే." చిన్నబ్బ తిరుగుతున్న పళ్ళెం వైపు చూస్తూ మళ్ళీ అడిగాడు. "ఎవురూ ఇననిదాన్ని నువ్వు మాత్రం ఎందుకింటావప్పా?"

"బాగుండాదని. ఎవురూ ఇనలేదని బాగలేకుండా పోదు గదా." ఢిల్లీబాబు సూది ఎత్తి పక్కన పెట్టాడు. "మిమ్మల్నీ అట్లనే ఇన్నా. స్పీకరు పక్కన నిలబడి, ప్రతి పెండ్లిలో. గట్టిమేళం ఆఖర్న, ముగించే దెబ్బకు ముందర, రెండు దెబ్బలు కొట్టకుండా ఇడిచిపెడతారు. అందరూ అయిపోయిందనుకుంటారు. అప్పుడు ఒక్కటి పడతాది. జనాలు అక్షింతల్లో ఉంటారు, ఎవురూ ఇనరు. నేను దానికోసరమే కాసుకోనుంటా."

చిన్నబ్బ కుర్చీలోనే వెనక్కి తిరిగి గోడకున్న డోలును చూశాడు.

"అది మా నాయన నేర్పింది" అన్నాడు చిన్నబ్బ నెమ్మదిగా. "ఇన్నేండ్లలో దాని గురించి ఒక్కరూ అడగలే."

"రికార్డు చెయ్యల్లనుకున్నది దానికే. మండపానికి కాదు. ఆడ చెయ్యనని చెప్పేసినా. శానా ఏండ్లకు ఎవుడో ఒకడు, నా మాదిరి, యాదో అటక మీద..." మాట అక్కడ ఆపి, ప్లేయరు మూత వేశాడు. "మీరు ఒద్దంటే ఒద్దు మామా."

చిన్నబ్బ తల ఎత్తి చూశాడు. "నిన్నటిదాకా అన్నా అంటా ఉండె."

"మా అమ్మ అట్ల అనగూడదనింది."

గడప దగ్గర కోమలి చీర కొంగుతో ముఖం దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో వరండాలోంచి తెలియలేదు. రెండూనని ఆమె తర్వాత ఒప్పుకుంది.

చిన్నబ్బ కూతురి వైపు చూశాడు, కుర్రాడి వైపు చూశాడు. ఆయన లయ తెలిసిన మనిషి. ఎవరు ఎక్కడ తప్పుతున్నారో ఇట్టే పట్టేశాడు.

"మ్మే కోమలీ" అన్నాడు. "కాఫీ పెట్టు. మీ అమ్మను గూడా రమ్మను."

పెళ్ళి అదే మండపంలో జరిగింది. బాలసుబ్రమణ్యం పెన్‌డ్రైవు సంగతి ఎత్తలేదు. చిన్నబ్బ కన్యాదానం పీటల మీద కూర్చున్నాడు కాబట్టి డోలుకు నాయుడుపేట నుంచి ఎవరినో పిలిపిస్తారని అందరూ అనుకున్నారు. ఎవరూ రాలేదు. నాదస్వరం ఆయన పక్కన డోలు మాత్రం గుడ్డ చుట్టి ఒంటరిగా ఉంది. దాని ముందు ఢిల్లీబాబు పొద్దున్నే మైకు పెట్టి, రికార్డర్ నొక్కి వచ్చి పెళ్ళిపీట మీద కూర్చున్నాడు.

కన్యాదానం ముగిసింది. తాళి ఢిల్లీబాబు చేతికి వచ్చింది. చిన్నబ్బ పీట మీద నుంచి లేచి, పట్టుపంచె ఎగ్గట్టి, డోలు దగ్గరికి వెళ్ళి గుడ్డ విప్పాడు.

పురోహితుడు చెయ్యి ఎత్తాడు.

మొదట ఏడు పడింది. తకిట తకధిమి, వెట్ స్లేట్ వాళ్ళ నడక. ఢిల్లీబాబు ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆయన సొంత గట్టిమేళం లేచి హాలును ముంచేసింది. అక్షింతలు పడ్డాయి. ఢిల్లీబాబు చేతులు కోమలి మెడ వెనక ఆగిపోయాయి. తల ఒక పక్కకు వంచి వింటున్నాడు.

"కట్టు" అంది కోమలి, వంచిన తల ఎత్తకుండా.

"ఉండు. ఆ చోటు వస్తా ఉండాది."

"నువ్వు కట్టేదాకా ఆయన ఆపడు. ఆయన ఆపేదాకా నువ్వు కట్టవు. నన్ను ఈడనే కూర్చోబెడతారా ఇద్దరూ?"

పురోహితుడు మళ్ళీ చేతి గడియారం చూసుకున్నాడు. చిన్నబ్బ అల్లుడి తల వాలకం చూశాడు, చూసి మరో ఆవర్తం పెంచాడు. అప్పుడు ముగింపు దెబ్బకు ముందు కర్ర ఎత్తి, ఆపాడు.

హాలంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో కోమలి ఆపుకోలేక నవ్వేసింది. ఢిల్లీబాబు ముడి వేశాడు. దెబ్బ పడింది.

ఆ రికార్డింగ్ ఇప్పుడు లాడ్జి అటక మీద దొరికిన ఆ చెక్కపెట్టెలోనే ఉంది. దాంట్లో రెండు దెబ్బల ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో ఒక అమ్మాయి నవ్వు వినబడుతుంది. అది ఎవరి నవ్వో ఢిల్లీబాబు పెట్టె మీద రాయలేదు. ఎప్పుడో, ఎక్కడో, వినేవాడే అడగనీ అన్నాడు.