తనంతట తానే తిరిగిన లెన్సు

ఆ సందు చివరి స్టూడియోకి మంచి పేరు లేదు. అక్కడ ఫోటో దిగితే మొహం మసకబారి వస్తుందని, పాత ఓనరు పెద్దాయన చచ్చి కూడా కెమెరా వదల్లేదని చెప్పుకునేవారు.

ఆ మాట పుట్టించింది కొత్తగా వచ్చిన ఫోటోగ్రాఫరే. పెద్దాయన బీరువాలో ఒక పాత ఆటోఫోకస్ లెన్సు దొరికింది. భలే దర్జాగా ఉందని తన చవక డిజిటల్ కెమెరాకి తగిలించాడు. బటన్ ఎంత నొక్కినా లెన్సు ఉలకదు, పలకదు. చేత్తో తిప్పుకోవాలి. ఈ ఫోటోగ్రాఫర్ చూపేమో అంతంతమాత్రం. కళ్లజోడు పెడితే వయసు బయటపడుతుందని భయం. ఫోటోలన్నీ మసకే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "నాదేం లేదండీ, పెద్దాయన ఒప్పుకోవట్లేదు," అని కస్టమర్ల చెవిలో ఊదేవాడు.

కస్టమర్లు నమ్మారు. రావడం మానేశారు.

"ఈ నెలాఖరుకి ఇది మూసేసి మా అన్నయ్య హార్డ్‌వేర్ షాపులో కూర్చోండి," అంది భార్య. బావమరిది కింద మేకులు తూచడం తలుచుకుంటేనే ఆయనకి గుండె జారిపోయింది.

ఒక రాత్రి బాగా పొద్దుపోయాక ఇంటికొచ్చాడు. స్టూడియో వెనక గదిలోనే కాపురం. అంతా చీకటి... నల్ల పరదా అవతల, స్టూడియోలో మాత్రం చిన్న లైటు.

గిర్ర్‌ర్...

ఆగిపోయాడు.

గిర్ర్‌ర్... మళ్లీ.

పరదా జరిపాడు. ఎదురుగా స్టాండు మీద కెమెరా. దాని వెనక ఎవరూ లేరు. దానికి పెద్దాయన లెన్సు. ఆ లెన్సు రింగు... తనంతట తానే తిరుగుతోంది! ఇటు తిరిగింది, అటు తిరిగింది — సరిగ్గా ఆయన మొహం మీద గురిపెట్టి ఆగింది.

కెమెరా ముందు, కాస్త పక్కగా, స్టూలు మీద... తెల్లగా ఏదో. ఆయనకి వీపు పెట్టి, జుట్టు విరబోసుకుని.

ఫ్లాష్ భగ్గుమంది.

"పె... పెద్దాయనా! నాకే చూపు లేదు, నిన్ను ఆడిపోసుకున్నాను!"

ఆ ఆకారం మెల్లగా ఇటు తిరిగింది. "అరవకండి... చుట్టుపక్కల వాళ్లు లేస్తారు," అంది.

ఆయన కేకకి వాళ్లు అప్పటికే లేచారు. ఎదురింటి టైలరు నీళ్లు చల్లితే కళ్లు తెరిచాడు. పక్కన తెల్ల నైటీలో, తలంటు జుట్టుతో, భార్య.

"రిపేరాయన్ని అడిగాను," అంది చెవి దగ్గర వంగి. "పాత లెన్సుకి సొంత మోటారు ఉండదట, కెమెరాయే తిప్పాలట. మీ చవక కెమెరాలో ఆ మోటారు లేదు. అది ఉన్న కెమెరా ఒకటి ఈ పూటకి అడిగి తెచ్చి, రిమోట్ నొక్కి చూస్తున్నా."

ఆటోఫోకస్ లెన్సు ఆటోగా ఫోకస్ చేసింది. అంతే. అది చూసి మూర్ఛపోయిన ఫోటోగ్రాఫర్ లోకంలో ఈయనొక్కడే అయ్యుంటాడు.

ఈలోగా టైలరు లోపలికెళ్లి కెమెరా పట్టుకొచ్చాడు. దాని తెర మీద ఇందాకటి ఫోటో. లెన్సు, ఓ పక్కగా కూర్చున్న ఆవిణ్ణి వదిలేసి, వెనక మధ్యలో తల దూర్చిన ఈయన్ని పట్టుకుంది. తెరిచిన నోరు, లేచిన కనుబొమ్మలు — ఆ స్టూడియోలో స్పష్టంగా వచ్చిన మొదటి మొహం. దాని ముందు మసకమసకగా తెల్లటి ఆకారం...

"అమ్మో! దెయ్యం ఫోటోలో పడింది!" అని కేకేశాడు టైలరు.

ఆ దెయ్యం పక్కనే నిలబడి ఉన్నా, చేరిన వాళ్లలో ఒక్కరూ తలెత్తి చూడలేదు.

తెల్లారేసరికి సందు నిండా జనం. అందరికీ దెయ్యంతో ఫోటో కావాలట.

"దెయ్యం కాదండీ, అది మా..." అనబోయాడు ఫోటోగ్రాఫర్. భార్య కాలు తొక్కింది.

"నోరు మూసుకుని ఫోటోలు తియ్యండి," అంది గుసగుసగా. "నేను వెళ్లి జుట్టు విరబోసుకుంటా."