రంగునీళ్ళ షర్బత్

రబాబ్ బాల్కనీ కమ్మీల మీదుగా తాడు వదులుతూ బుట్టను కిందికి దించింది. రోజూ పొద్దున్నే చేసే పనే. కింద రొట్టెలవాడు వేడి రొట్టెలు బుట్టలో పడేసి తాడు కదిపాడు. ఆమె పైకి లాగడం మొదలుపెట్టింది. బుట్ట రెండో అంతస్తు దాకా వచ్చి ఆగిపోయింది.

వంగి చూసింది. కింది మెట్ల కిటికీలోంచి ఎవరో చేయి చాపి బుట్టను పట్టుకున్నారు. సన్నటి మనిషి, ముఖానికి మించిన మీసం, భుజాన గోనెసంచి. ఒక రొట్టె తీసి కొరికి, ఆమెకు సలాం చేశాడు.

వీధిలోంచి ఎవరో కట్ అని అరిచారు. అప్పుడు చూసింది రబాబ్, ఎదురుగా కెమెరా ఉందని. తన బుట్ట సరిగ్గా షాట్ మధ్యలో వేలాడుతోందని.

డైరెక్టర్ తల పట్టుకున్నాడు. మీసం మనిషి మాత్రం రొట్టె నములుతూనే ఉన్నాడు.

"ఉండనివ్వండి సార్. దొంగకి ఆకలేయదా?"

"ఆకలేస్తే డబ్బిచ్చి కొనుక్కోమనండి," అంది రబాబ్ పైనుంచి.

"కొనుక్కుంటే నేను దొంగనెలా అవుతానమ్మాయ్?"

వీధంతా నవ్వింది. డైరెక్టర్ ఆ ముక్క సినిమాలో ఉంచేశాడు.

ఆ మీసం మనిషి పేరు సబ్రీ, సినిమాలో దొంగ వేషం. మర్నాడు బుట్టలో ఒక రొట్టె తగ్గింది, దాని బదులు జామకాయ ఉంది. ఆ తర్వాత రోజు మల్లెదండ. రబాబ్ కోపం నటించింది గానీ, నటన ఆమెకు చేతకాదు.

సినిమా కథ మామూలే. నగల కొట్టు గోడ అవతల ఒక పెళ్ళీడు పిల్ల ఇల్లు. నలుగురు దొంగలు పెళ్ళివారిలా ఆ ఇంటికి వస్తారు. ఇల్లు చూసే నెపంతో ఒకడు లోపలి గదిలోకి వెళ్ళి గోడ పగలగొడుతుంటే, ఆ చప్పుడు వినపడకుండా ముందు గదిలో ఆడవాళ్ళు జగ్రూతలు పెడతారు. నాలుక గిరగిరా ఆడిస్తూ పెట్టే ఆ కూత పెట్టందే కైరోలో ఏ సంబంధమూ ఖాయం కాదు. హీరోగారు కెమెరా వైపు కంటే అద్దం వైపు ఎక్కువ చూసుకునేవారు. నవ్వించేదంతా పక్కనున్న దొంగలే. వాళ్ళుండే షుబ్రా పేట వీధుల్లో కుర్రాళ్ళు హీరో ఫొటో ఉన్న బనియన్లు వేసుకుని, పాత సినిమాల్లోని సబ్రీ డైలాగులు చెప్పుకునేవారు.

ఆ పెళ్ళీడు పిల్ల ఇల్లుగా రబాబ్ తండ్రి హాజీ మెత్వల్లీ ఇల్లు దొరికిందంటే కారణం ఆయన కాదు. రబాబ్ తల్లి పోయాక ఆ ఇంట్లోనే ఉంటున్న బహీజా పిన్ని మాట ఇచ్చేసింది. సినిమాలో తనకొక కుర్చీ, ఒక జగ్రూత ఇస్తామన్నారు మరి.

హాజీ ట్రాము నడిపి రిటైరైన మనిషి. షూటింగ్ జరిగినన్నాళ్ళూ పేపరు అడ్డం పెట్టుకుని మూలన కూర్చున్నాడు. ఒకరోజు సబ్రీ టీ గ్లాసుల పళ్ళెంతో మెట్ల మీంచి జారి కింద దాకా దొర్లాడు. పళ్ళెం మాత్రం చేతిలో నిటారుగా నిలిచింది, చుక్క ఒలకలేదు. పేపరు వెనకాల నవ్వు వినపడింది. తల్లి పోయాక తండ్రి నవ్వు వినడం రబాబ్‌కి అదే మొదలు.

ఆ రాత్రి భోజనం దగ్గర, ఎవరూ అడక్కుండానే, ప్రతి సినిమాలోనూ పడిపోయేవాడు ఇల్లేం నిలబెడతాడని ఆయన అన్నాడు. రబాబ్ రొట్టె తుంచింది.

షూటింగ్ అయిపోగానే వచ్చి సంబంధం అడుగుతానని సబ్రీ అప్పటికే ఆమెతో అన్నాడు. వద్దంది. తండ్రి ఒకసారి కాదంటే, ట్రాము పట్టాలు తప్పినా ఆ మాట తప్పదు. ఆ కాదన్న మాట వినడం కంటే అడక్కుండా ఉండటమే నయమనుకుంది.

ఆఖరి రోజు పెళ్ళిచూపుల సీను. హాజీ మధ్యాహ్నం నమాజుకి వెళ్ళాడు. హీరోయిన్ కారు వంతెన మీద ఇరుక్కుంది. వెనక నుంచే తీస్తాం, ఎవరో ఒకరు పళ్ళెం పట్టుకుని నిలబడితే చాలని డైరెక్టర్ అన్నాడు. బహీజా పిన్ని రబాబ్‌ని ముందుకు తోసింది.

పళ్ళెంలో ఎర్రటి గ్లాసులు. సంబంధం ఒప్పుకున్నాక పిల్ల తండ్రి స్వయంగా కొనితెచ్చి వచ్చినవాళ్ళకు పోయించే గులాబీ షర్బత్ అది. షూటింగ్ సామాన్లవాడు దాని బదులు షర్బత్ సీసాలో రంగునీళ్ళు కలిపి పోశాడు. దీపాల వేడికి అదైతే పాడవదట.

సబ్రీ గొంతు సవరించుకున్నాడు. "మీ రబాబ్‌ని మా ఇంటికి అడగడానికి వచ్చాం."

కట్. పిల్ల పేరు నెర్మీన్ అని డైరెక్టర్ గుర్తుచేశాడు. సబ్రీ తలూపాడు. మళ్ళీ రబాబ్ అన్నాడు. మళ్ళీ కట్. పక్కనున్న దొంగలు ఇద్దరూ పైకప్పు చూస్తున్నారు. ఎన్నిసార్లు తీసినా అదే పేరు వచ్చేసరికి, డబ్బింగులో చూసుకుందామని డైరెక్టర్ చేతులెత్తేశాడు. లోపల సుత్తి మోగింది. బహీజా పిన్ని గుండెనిండా గాలి పీల్చి జగ్రూత పెట్టింది.

మూసి ఉంచాల్సిన కిటికీలు తెరిచే ఉన్నాయి. ఉక్కగా ఉందని పిన్నే తెరిచింది.

పెళ్ళీడు పిల్ల ఉన్న ఇంట్లోంచి జగ్రూత వినపడితే దానికి ఒకటే అర్థం. ఎదురు బాల్కనీ జవాబిచ్చింది. పక్క బాల్కనీ అందుకుంది. కాసేపటికే మెట్లమీద చెప్పుల చప్పుడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చక్కెర పొట్లాలతో లోపలికొచ్చి రబాబ్ బుగ్గలు ముద్దుపెట్టుకున్నారు. ఇది సినిమా అని చెప్పబోయిన అసిస్టెంటుని కూడా ముద్దుపెట్టుకున్నారు. పళ్ళెంలో గ్లాసులు తీసుకుని తాగారు. రుచి గురించి మర్యాదకి ఎవరూ ఏమీ అనలేదు.

నమాజు నుంచి వస్తున్న హాజీని వీధిలో ఇంటింటివాళ్ళూ ఆపి కౌగిలించుకున్నారు. ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఇది సినిమానా?" అని సబ్రీని అడిగాడు.

సబ్రీ మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు.

"సుత్తి సినిమాయే హాజీగారూ. పేరు మాత్రం సినిమాది కాదు. నెర్మీన్ అనాలి, నాకు నోరు తిరగలేదు."

హాజీ కూతురి వైపు చూశాడు. పొరపాటని ఆమె ఒక్క మాటంటే చాలు, అందరూ నవ్వుకుని ఇళ్ళకి పోతారు. మిగిలిన గ్లాసులున్న పళ్ళెం రబాబ్ రెండు చేతులా పట్టుకుంది.

"అడగొద్దని నేనే అన్నాను నాన్నా," అంది రబాబ్. "మీరు కాదంటారని."

ఆయన మళ్ళీ సబ్రీ వైపు తిరిగాడు.

"నువ్వు ప్రతి సినిమాలోనూ పడతావు."

"పడతాను. చేతిలోది పడనివ్వను."

హాజీ పెదవి ఒక పక్కకి కదిలింది, అంతే. పళ్ళెంలోంచి గ్లాసు తీసి ఒక గుక్క తాగాడు. ఆగాడు. గ్లాసు వెలుతురుకి పెట్టి చూశాడు. తరవాత, అవే గ్లాసులు పట్టుకుని నిలబడ్డ ఇరుగుపొరుగుని ఒక్కొక్కరినీ చూశాడు. ఆయన ముఖం మెడ దాకా ఎర్రబడింది.

సామాన్లవాడి ముందున్న సీసా తీసుకుని వంటగదిలోకి వెళ్ళాడు. రంగునీళ్ళు తూములో ఒంపుతున్న చప్పుడు అందరికీ వినపడింది. బయటికొచ్చి, విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కున్నాడు. ఖాళీ సీసా చంకలో పెట్టుకుని, మెట్లు దిగి షర్బత్ కొట్టు దారి పట్టాడు.